హస్తమునుండి చక్రమునకు

సైకిలును చూడనివారు మనదేశమున లేరు. పాలబిందెలను మోయునది అదియే. బడికి పోవు బాలబాలికలను చేరవేయునది అదియే. అయినను, దానిని నడుపువానిని “నీ చేతిలోని హ్యాండిలు చేయు పని యేమి?” అని అడిగినచో, “బండిని ఇటునటు త్రిప్పుట” అని మాత్రమే చెప్పును. ఇది నిజమే కాని, పూర్తి నిజము కాదు. హ్యాండిలు మూడు పనులను చేయుచున్నది. ముందుచక్రమును త్రిప్పుట మొదటిది. ముందునకు వంగి కూర్చున్న మనిషి బరువులో కొంత మోయుట రెండవది. చేతి యాజ్ఞను బ్రేకునకును, గేరునకును అందజేయుట మూడవది. మొదటి రెండును కంటికి కనబడును. మూడవది సన్నని తీగలద్వారా, తొడుగుల చాటున జరుగును. కాని ప్రాణరక్షణము ఈ మూడవదానిపైననే ఎక్కువగా ఆధారపడియున్నది.

రోడ్లపై వేగముగా పోవుటకై నిర్మింపబడిన పందెపు సైకిలులో ఈ మూడు పనులకును కఠినమైన పరీక్ష జరుగును. గంటకు అరువది, డెబ్బది కిలోమీటర్ల వేగముతో కొండదారిని దిగునప్పుడు హ్యాండిలు చేయు ప్రతి పనియు సరిగా జరుగవలయును. కావున హ్యాండిలు నిర్మాణమును, తీగలు పోవు మార్గమును తెలిసికొనుటకు పందెపు సైకిలే తగిన ఉదాహరణము.

మొదటి సైకిలునకు బ్రేకు తీగలే కాదు, త్రొక్కుటకు పెడళ్లును లేవు. జర్మనీదేశమునందలి మన్‌హైము నగరమున కార్ల్ ఫాన్ డ్రాయిస్ అను నతడు 1817వ సంవత్సరము జూన్ 12వ తేదీన కొయ్యతో చేసిన రెండుచక్రముల బండి నెక్కి, పాదములతో నేలను తన్నుచు ప్రయాణము చేసెను. ముందుచక్రమును త్రిప్పుటకు పడవ చుక్కానివంటి కర్ర యొకటి దానికి అమర్చబడియుండెను. హ్యాండిలునకు ఆ కర్రయే మూలము. 1860వ సంవత్సరము తరువాత పారిసు నగరమున మిషో పేరిట వెలువడిన బండ్లలో ముందుచక్రమునకే పెడళ్లు బిగింపబడెను. హ్యాండిలు మరియొక పని నేర్చుకొనినది ఈ బండ్లలోనే. హ్యాండిలు కడ్డీని పిడికిళ్లతో మెలిత్రిప్పినచో, ఒక త్రాడు దానిచుట్టు చుట్టుకొని బిగిసి, వెనుకచక్రముపై బ్రేకును నొక్కుచుండెను. దూరముననున్న చక్రమునకు చేయి పంపిన ఆజ్ఞ అది. పిమ్మట 1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ అను బండిని నిర్మించెను. వెనుకచక్రమును గొలుసుతో నడపు ఆ బండియే నేటి మన సైకిళ్లకు మాదిరి యైనది.

పందెపు సైకిలు హ్యాండిలును చూచినచో పొట్టేలు కొమ్ములు జ్ఞప్తికి వచ్చును. నడుమ తిన్నగానున్న కడ్డీ, రెండు కొనలయందును ముందునకు సాగి, క్రిందికి వంగి, మరల వెనుకకు తిరిగియుండును. ఈ వంపు అలంకారమునకై పెట్టినది కాదు. దీనివలన చేతులకు మూడు ఆశ్రయములు లభించుచున్నవి. మెల్లగా కొండ నెక్కునప్పుడు నడిమి కడ్డీని పట్టుకొని నిటారుగా కూర్చుండి హాయిగా ఊపిరి పీల్చవచ్చును. మామూలుగా పోవునప్పుడు బ్రేకు పిడుల తలలపై అరచేతుల నానించి నడుపవచ్చును. వేగముగా పోవునప్పుడును, వాలు దిగునప్పుడును క్రింది కొమ్ములను పట్టుకొని వీపును వంచవచ్చును. గంటలకొలది సాగు ప్రయాణమున చేతుల స్థానమును మార్చుకొనుచుండుటచే నరములకును, కండరములకును విశ్రాంతి కలుగును.

వీపును వంచవలసిన అవసర మేమి? గాలియే దీనికి కారణము. గాలి కంటికి కనబడదు. కాని వేగముగా పోవువానికి అదియే పెద్ద అడ్డంకి. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగును. దానిని ఎదిరించుటకు సెకనుకు వెచ్చింపవలసిన శక్తి ఎనిమిదింతలగును. ఈ నిరోధములో అధికభాగము సైకిలువలన గాక, దానిపై కూర్చున్న మనిషి శరీరమువలననే కలుగుచున్నది. కావున శరీరమును ఏ భంగిమలో నుంచవలయునో నిర్ణయించు హ్యాండిలునకు ఇంత ప్రాముఖ్యము.

నేడు విరివిగా దొరకు పందెపు హ్యాండిళ్ల వెడల్పు సుమారు 38 నుండి 44 సెంటీమీటర్లవరకు ఉండును. నడుపువాని భుజముల వెడల్పునుబట్టి దీనిని ఎన్నుకొనుట వాడుక. కొమ్ము ముందునకు సాగు దూరము సుమారు 70 నుండి 80 మిల్లీమీటర్లు, క్రిందికి దిగు లోతు సుమారు 120 నుండి 130 మిల్లీమీటర్లు. ఇరుకు హ్యాండిలు గాలికి తక్కువ అడ్డుపడును. వెడల్పు హ్యాండిలు బండిని అదుపులో నుంచుటకు ఎక్కువ తోడ్పడును. ఒక లాభమును కోరినప్పుడు మరియొక దానిని కొంత వదలుకొనక తప్పదు.

హ్యాండిలు నడుమ భాగము కొనలకంటె లావుగా నుండుటను మీరు గమనింపవచ్చును. కావడిబద్దను తలచుకొన్నచో దీనికి కారణము తెలియును. కావడికి రెండు కొనలయందు బరువులు వ్రేలాడుచుండగా, భుజముపై ఆనిన నడిమిచోట వంపు ఒత్తిడి ఎక్కువగానుండును. హ్యాండిలును అట్టిదే. రెండు చేతులును కొనలపై భారము మోపగా, నడుమ బిగించిన చోట ఒత్తిడి మిక్కుటమగును. పూర్వము ఈ భాగపు వ్యాసము 26 మిల్లీమీటర్లు ఉండుట సామాన్యము, ఇప్పుడు 31.8 మిల్లీమీటర్లు ఉండుట పరిపాటి. గొట్టపు రేకు మందము మారకున్నను, ఈ స్వల్పమైన పెంపువలన వంగకుండ నిలుచు బిగువు సుమారు 1.8 రెట్లగును. అందుచేత పలుచని రేకుతో తేలికైన హ్యాండిలును చేయుటకు వీలు కలిగినది.

హ్యాండిలు ఆకృతి ఎంత మేలు చేయగలదో 1989వ సంవత్సరపు ఫ్రాన్సు దేశ సైకిలు పందెము లోకమునకు చాటెను. అది మూడు వారముల పందెము. జులై 23వ తేదీన చివరి ఘట్టము జరిగెను. వెర్సయి నుండి పారిసు వరకు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరు విడివిడిగా, కాలముతో పోటీపడి పోవలయును. అప్పటికి ఫ్రాన్సు దేశీయుడగు లొరాన్ ఫిన్యోఁ, అమెరికా దేశీయుడగు గ్రెగ్ లెమాండ్ కంటె 50 సెకనులు ముందుండెను. లెమాండ్ తన సైకిలునకు ముందునకు చాచిన కొత్తరకపు హ్యాండిలును బిగించెను. మోచేతులను దానిపై ఆనించి, చేతులను దగ్గరగా ముందునకు చాచి, గాలిని చీల్చుకొని పోవు ఈతగానివలె అతడు వంగి నడపెను. 26 నిమిషముల 57 సెకనులలో గమ్యమును చేరెను. ఫిన్యోకు అంతకంటె 58 సెకనులు ఎక్కువ పట్టెను. మూడు వారముల పందెము ఎనిమిది సెకనుల తేడాతో తేలిపోయెను! లెమాండ్ ధరించిన శిరస్త్రాణము, అతని కాలిబలము కూడ ఈ విజయమునకు కారణములే. కాని ఆ హ్యాండిలు చేసిన సాయము చిన్నది కాదని అందరును గ్రహించిరి.

ఐనను గుంపుగా పోవు రోడ్డు పందెములలో అట్టి హ్యాండిలును వాడనీయరు. చేతులు ముందునకు చాచియున్నప్పుడు బ్రేకు పిడులకు దూరముగా నుండును. ఎదుటివాడు హఠాత్తుగా ఆగినచో చేయి బ్రేకును చేరులోపలనే ప్రమాదము జరుగవచ్చును. వేగమునకై ఏర్పరచిన వంపు ఏదైనను, చేతికి బ్రేకును దూరము చేయరాదు. ఇది హ్యాండిలు నిర్మాణమున మరువరాని నియమము.

ఇక, చేతి యాజ్ఞ చక్రమును చేరు మార్గమును చూతము. మన గ్రామములలో చిరకాలము బరువులు మోసిన నల్లని సైకిలునకు ఇనుపకడ్డీల బ్రేకు ఉండును. హ్యాండిలు క్రింది పిడిని పైకి లాగినచో కడ్డీ కదలి, రిమ్మునకు రబ్బరు దిమ్మలను ఆనించును. ఈ యేర్పాటు దృఢమైనది, మన్నికైనది. కాని కడ్డీ వంగదు. తిరుగవలసిన ప్రతిచోట ఒక కీలును, ఒక తులాదండమును పెట్టవలయును. కొమ్ములవలె వంగిన హ్యాండిలునుండి అట్టి కడ్డీని నడపుట కష్టము.

ఈ చిక్కును తీర్చినది తొడుగుతో కూడిన తీగ. ఎర్నెస్టు మానింగ్టన్ బౌడెన్ పేరిట ఇంగ్లండులో 1896వ సంవత్సరపు పేటెంటు దీనికి కలదు. అందుచేతనే దీనికి బౌడెన్ కేబులు అని పేరు వచ్చెను. సన్నని ఉక్కుపోగులను పేనిన తీగ లోపల నుండును. చుట్టలుగా చుట్టిన ఉక్కుతో చేసిన తొడుగు దానిని కప్పియుండును. లోపలి తీగను లాగుదుము. అట్లు లాగినప్పుడు వంపు తిరిగియున్న తీగ తిన్నగా కావలయునని చూచును. తొడుగు దానిని కానీయక, రెండు కొనలయందును ఎదురు నొక్కుడును భరించుచు నిలుచును. లోపలిది లాగుట, వెలుపలిది ఎదురు నొక్కుట, ఈ రెండును సమానముగా నున్నప్పుడే ఆజ్ఞ చేరును. తొడుగు రెండు మిల్లీమీటర్లు నలిగినచో, చేయి లాగిన లాగుడులో రెండు మిల్లీమీటర్లు వృథా యైనట్లే.

వంగు తీగ వచ్చినది గదా యని దానిని ఎట్లు పడిన అట్లు వంపవచ్చునా? వంపరాదు. పశువును గుంజకు కట్టువానిని చూడుడు. పొగరుబోతు ఎద్దు పలుపును గుంజుచుండగా చిన్నపిల్లవాడు దానిని చేతితో ఆపలేడు. కాని పలుపును గుంజచుట్టు రెండు మూడు చుట్లు త్రిప్పినచో, కొనను తేలికగా పట్టుకొని నిలువగలడు. గుంజకును త్రాటికిని నడుమ పుట్టిన ఘర్షణ ఎద్దుబలమును మ్రింగివేయుచున్నది. పశువులకాపరికి మిత్రమైన ఈ ఘర్షణయే సైకిలువానికి శత్రువు. తొడుగు వంగిన ప్రతిచోట తీగ దాని గోడను ఒరసికొని, చేతిబలమును కొంత పోగొట్టుకొనును.

ఎంత పోగొట్టుకొనునో లెక్కవేయవచ్చును. తీగకును తొడుగునకును గల ఘర్షణ గుణకము 0.1 అనుకొందము. చేయి నూరుపాళ్ల బలముతో లాగినది. తీగ ఒక లంబకోణము తిరిగినచో సుమారు 85 పాళ్లు మిగులును. రెండవ లంబకోణము తిరిగినచో 73, మూడవది తిరిగినచో 62, నాలుగవది తిరిగినచో 53 పాళ్లు మిగులును. అనగా ఒక పూర్తి చుట్టు తిరుగులోపల బలములో సగమునకు దగ్గరగా పోయినది. ఇందొక వింత కలదు. ఈ నష్టము తీగ పొడవునుబట్టి గాక, అది మొత్తముమీద తిరిగిన కోణమునుబట్టి యుండును. పొడవైనను తిన్నగా పోవు తీగ, పొట్టిదైనను మెలికలు తిరిగిన తీగకంటె మేలు.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. మూరెడు పొడవుగల సన్నని రబ్బరు గొట్టములో గట్టి దారమును దూర్చుడు. గొట్టమును తిన్నగా పట్టుకొని దారమును లాగి చూడుడు. పిమ్మట దానిని ఒక స్తంభముచుట్టు చుట్టి లాగుడు. ఏది తేలికయో మీ వ్రేళ్లే చెప్పును.

తొడుగులలోను రెండు జాతులు కలవు. బ్రేకు తొడుగు చుట్టలుగా చుట్టిన ఉక్కుతో చేయబడును. అది వంగినప్పుడు కొలది మిల్లీమీటర్లు నలుగును. కాని గట్టి ఒత్తిడికి పగులదు. గేరు సంగతి వేరు. జపానునందలి షిమానో కంపెనీ 1984లో మెట్లుమెట్లుగా మారు గేరు యంత్రమును తెచ్చెను. ఒక గేరునుండి మరియొక గేరునకు మారుటకు తీగ కదలవలసినది సుమారు రెండు మూడు మిల్లీమీటర్లే. తొడుగు నలిగినచో ఆ లెక్క తప్పి, గొలుసు పండ్లనడుమ చిక్కుపడును. కావున ఇట్టి గేర్లకు పొడవునకు సమాంతరముగా ఉక్కుపోగులను పేర్చిన తొడుగును వాడుదురు. అది నలుగదు. కాని బ్రేకు ఒత్తిడికి ఆ పోగులు విడిపోయి పగులవచ్చును. రెండును చూచుటకు ఒకేవిధముగా నుండినను, గేరు తొడుగును బ్రేకునకు ఎన్నడును వాడరాదు. ఆ పొరపాటు బ్రేకును గట్టిగా పట్టిన క్షణముననే బయటపడును. ఆ క్షణముననే బ్రేకు అత్యవసరము.

తీగకు మార్గము నేర్పరచునప్పుడు నేర్పరియైన పనివాడు కొన్ని నియమములను పాటించును. మొదట హ్యాండిలును కుడికిని ఎడమకును పూర్తిగా త్రిప్పి చూచును. తీగ చాలకున్నచో తిరుగునప్పుడు అది బిగిసి బ్రేకు తానే పట్టుకొనవచ్చును. తీగ మిక్కిలి పొడవైనచో వ్యర్థముగా చుట్టలు తిరిగి ఘర్షణను పెంచును. కావున హ్యాండిలు స్వేచ్ఛగా తిరుగుటకు సరిపోవునంత మాత్రమే ఉంచును. తొడుగు కొనలను సమముగా కోసి, గరుకును ఆకురాయితో తీసి, లోహపు టోపీని తొడుగును. వాననీరు లోపల నిలిచి త్రుప్పు పట్టకుండ జాగ్రత్తపడును. చూచువారికి ఇవి చిన్న పనులే. వాలుదారిని దిగువానికి ఇవియే పెద్ద పనులు.

పూర్వపు పందెపు సైకిళ్లలో బ్రేకు తీగలు పిడుల తలలనుండి పైకి లేచి, గాలిలో విల్లువలె వంగి క్రిందికి దిగుచుండెను. గేరు పిడులు ఫ్రేము గొట్టముమీద నుండెను. గేరును మార్చుటకు ఒక చేతిని హ్యాండిలునుండి తీయవలసి వచ్చెడిది. 1980 తరువాతి దశాబ్దమున బ్రేకు తీగలను హ్యాండిలుకు చుట్టు పట్టీ క్రిందుగా నడపుట వ్యాపించెను. 1990లో షిమానో కంపెనీయు, 1992లో ఇటలీదేశపు కంపాన్యోలో కంపెనీయు గేరు మీటను బ్రేకు పిడిలోనే చేర్చినవి. నాటినుండి చేయి హ్యాండిలును వదలకయే రెండు పనులను చేయగలుగుచున్నది. ఇది వేగమునకేగాక క్షేమమునకును మేలైన మార్పు.

ఇటీవలి సైకిళ్లలో తీగలు అసలే కనబడవు. అవి హ్యాండిలు గొట్టము లోపలనుండి, దానిని పట్టియుంచు మెడలోనుండి, ఫ్రేము తలలోని బేరింగు ప్రక్కగా పోయి ఫ్రేములో దాగుచున్నవి. గాలికి అడ్డుపడు తీగలు తగ్గినవి. సైకిలు నున్నగా, అందముగా నున్నది. కాని ఈ అందమునకు వెల చెల్లింపవలసియున్నది. ఇరుకైన మూలలలో మెలికలు పెరుగును. పెక్కు సైకిళ్లలో బేరింగును మార్చుట వంటి పనికి కూడ తీగలనో గొట్టములనో విప్పవలసివచ్చును. త్రుప్పు పట్టినను, పోగు తెగినను బయటికి కనబడదు.

ఈ మెలికల చిక్కునకు ద్రవ బ్రేకు ఒక పరిష్కారమును చూపినది. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ కనుగొనెను. గొట్టము ఎన్ని వంపులు తిరిగినను పీడనము తరుగదు. పిడిని నొక్కగా పుట్టిన పీడనము చక్రమువద్దనున్న ముషలకమును త్రోసి, డిస్కును బిగించును. ఇట్టి డిస్కు బ్రేకులను అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2018లో రోడ్డు పందెములలో పూర్తిగా అనుమతించెను. కాని ద్రవములో గాలిబుడగ చేరినచో అది నలిగి, పిడి మెత్తబడిపోవును. ఏ సాధనమునకు ఆ సాధనపు జాగ్రత్త తప్పదు.

గేర్లు మరియొక మార్గమున సాగినవి. 2009లో షిమానో విద్యుత్తుతో మారు గేర్లను విక్రయమునకు తెచ్చెను. 2015లో అమెరికాదేశపు స్రామ్ కంపెనీ తీగలేని గేర్లను ప్రకటించెను. అయినను ఆ సైకిళ్లలో సైతము బ్రేకును పట్టునది చేతిబలమే. దీనిలో వివేకము కలదు. గేరు మారకున్నచో ప్రయాణము ఆలస్యమగును. బ్రేకు పట్టకున్నచో ప్రయాణమే ముగియవచ్చును.

మన సైకిలు పందెపు సైకిలు కాకపోవచ్చును. దాని వెల కొలదిగా నుండవచ్చును. కాని చేతినుండి చక్రమునకు పోవు ఆజ్ఞ విషయమున రెండింటికిని ఒకటే ధర్మము. కేబులు బ్రేకు గల సైకిలు మీ యింట నున్నచో, నెల కొకసారి ఈ పరీక్షను చేయుడు. బ్రేకు పిడిని పూర్తిగా నొక్కి, తీగ తల నిలిచియుండు చోటును చూడుడు. తీగ సాధారణముగా అచ్చటనే ముందుగా తెగును. ఒక్క పోగు తెగి ముల్లువలె లేచియున్నను ఆ తీగను మార్పింపుడు. పిమ్మట హ్యాండిలును రెండు ప్రక్కలకును త్రిప్పి, తీగ బిగియుచున్నదేమో చూడుడు. పిడిని వదలినప్పుడు అది చటుక్కున వెనుకకు రానిచో, తొడుగులో త్రుప్పో, మెలికో యున్నదని తెలిసికొనుడు. మన దేశపు సైకిళ్లలో కుడిచేతి పిడి ముందు బ్రేకును పట్టుట వాడుక. పెక్కు పరదేశములలో అది ఎడమచేతిది. కావున ఇతరుల సైకిలు నెక్కునప్పుడు ఏ పిడి ఏ చక్రమును ఆపునో ముందుగా చూచుకొనుడు.

మెరుగుపెట్టిన హ్యాండిలు చూపరుల కన్నులను ఆకర్షించును. కాని దానిని నడుపువానిని ఇల్లు చేర్చునది మెరుగు కాదు. తక్కువ వంపులతో, త్రుప్పులేక, బిగువు సడలక చక్రమును చేరిన ఆ సన్నని తీగ.